యుద్ధక్రీడ బొమ్మల స్కేలు: కిషన్‌బాగ్ నుంచి గోల్కొండ దాకా

చరిత్రలో నిజంగా జరిగిన ఒక యుద్ధాన్ని బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో, పాచికలతో, ముందే రాసి పెట్టుకున్న నిబంధనలతో మళ్లీ నడిపించే ఆటను చారిత్రక యుద్ధక్రీడ లేదా వార్‌గేమ్ అంటారు. ఈ ఆటలోకి వచ్చేవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది బొమ్మ పరిమాణం. దానికే స్కేలు అని పేరు. 6 మిల్లీమీటర్ల బొమ్మ మొదలుకొని 54 మిల్లీమీటర్ల బొమ్మ వరకు అరడజనుకు పైగా స్కేళ్లు వాడుకలో ఉన్నాయి. ఒక స్కేలులో సైన్యాన్ని పోగుచేసి, రంగులు వేసి, దానికి తగిన కోటలు, చెట్లు, ఇళ్లు తయారుచేసుకున్నాక మరో స్కేలుకు మారాలంటే పని మొత్తం మొదటికి వస్తుంది. ఆటగాళ్లు ఈ ఒక్క నిర్ణయం దగ్గరే నెలల తరబడి ఆగిపోవడానికి కారణం అదే.

హైదరాబాద్ పాతబస్తీలో, మూసీకి దక్షిణాన, బహదూర్‌పురాను ఆనుకుని కిషన్‌బాగ్ ఉంది. ఈ వ్యాసంలోని లెక్కలకు ఆ బస్తీయే కేంద్రం. ఒక పక్క మీర్ ఆలం చెరువు, మరో పక్క పురానాపూల్, పడమటి దిక్కున నేరుగా చూస్తే ఇంచుమించు ఆరు కిలోమీటర్ల దూరంలో గోల్కొండ. మూడింటికీ సైన్యాలతో సంబంధం ఉంది. 1799లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన నిజాం సేనకు పెద్ద మీర్ ఆలం. ఆర్థర్ వెలెస్లీ అనే యువ కర్నల్, తర్వాతి కాలంలో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయినవాడు, ఆ దండయాత్రలో తన రెజిమెంటుతో నిజాం సేన వెంటే నడిచాడు. శ్రీరంగపట్నం పతనం తర్వాత తన వాటాకు వచ్చిన సొమ్ముతో మీర్ ఆలం ఈ చెరువు కట్టించాడని చెబుతారు. 1804లో పునాది పడి, 1806లో పూర్తయిన ఆ ఆనకట్టకు 21 అర్ధచంద్రాకారపు కమానులు ఉన్నాయి.

బొమ్మను అరచేతిలో పెట్టుకుని చూస్తే అది ఎంత అందంగా ఉందో తెలుస్తుంది. స్కేలు మనకు పనికొస్తుందా లేదా అన్నది మాత్రం, ఆ స్కేలులో పురానాపూల్ ఎంత పొడవు వస్తుందో, గోల్కొండ గుట్ట ఎంత ఎత్తు లేస్తుందో లెక్క వేస్తేనే తెలుస్తుంది. దక్కన్ యుద్ధాలు కోటల చుట్టూ, చెరువుల పక్కన, రాతిగుట్టల నడుమ జరిగాయి. ఇక్కడి చరిత్ర ఆడదలచుకున్నవారు ముందు నేలను కొలుచుకుని, ఆ తర్వాతే బొమ్మలు కొనాలి.

కొలత చెప్పే పద్ధతి

స్కేలును రెండు రకాలుగా చెబుతారు. ఒకటి నిష్పత్తి: 1:72 అంటే నిజమైన వస్తువులో డెబ్బై రెండో వంతు. రెండోది మిల్లీమీటర్లు: 28 మి.మీ. బొమ్మ అంటే నిలబడిన మనిషి బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు. మొదటిది ఖచ్చితమైన కొలత. రెండోది సంప్రదాయంగా వస్తున్న మాట. మిల్లీమీటర్ల లెక్కలో చాలామంది తయారీదారులు పాదం నుంచి కంటి దాకా కొలుస్తారు. సైనికుడి నెత్తిన తలపాగానో శిరస్త్రాణమో ఉంటే నడినెత్తి ఎక్కడో తేల్చడం కష్టం కాబట్టి ఆ పద్ధతి వచ్చింది. కొందరు మాత్రం తల పైభాగం దాకా కొలుస్తారు. అందువల్ల రెండు కంపెనీల 28 మి.మీ. బొమ్మలను పక్కపక్కన నిలబెడితే ఒకడు మరొకడి భుజం దాకానే వచ్చే సందర్భాలు ఉంటాయి.

168 సెంటీమీటర్ల పొడవున్న సిపాయి కన్ను నేల నుంచి సుమారు 157 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. కంటి దాకా 28 మి.మీ. ఉన్న బొమ్మ అప్పుడు 1:56కు సరిపోతుంది. 15 మి.మీ. బొమ్మ 1:100కు దగ్గర, 10 మి.మీ. బొమ్మ 1:160కు దగ్గర. అదే మనిషి 1:72లో తల దాకా 23 మి.మీ. పైచిలుకు ఉంటాడు. 6 మి.మీ. బొమ్మలను బ్రిటన్‌లో 1:300 అనీ, అమెరికాలో 1:285 అనీ లెక్కిస్తారు. 54 మి.మీ. బొమ్మ 1:32. 2, 3 మిల్లీమీటర్ల బొమ్మలు కూడా ఉన్నాయి. వాటిలో మనిషి కనబడడు, దళం మాత్రమే కనబడుతుంది.

కాలం గడిచేకొద్దీ బొమ్మలు లావెక్కుతూ వచ్చాయి. ఒకప్పుడు 25 మి.మీ. అన్నది క్రమంగా 28 అయింది. ఇప్పుడు 30 దాటినవాటిని కూడా 28 పేరుతోనే అమ్ముతున్నారు. తల, చేతులు, ఆయుధాలు నిజ నిష్పత్తి కంటే పెద్దవిగా చెక్కిన బొమ్మలను ఆటగాళ్లు ‘హీరోయిక్’ అని పిలుస్తారు. అలా పెంచడానికి సాంకేతిక కారణం ఉంది. రెండున్నర సెంటీమీటర్ల మందం గల ఈటె 1:56లో అర మిల్లీమీటరు కూడా ఉండదు. 1:300లో మిల్లీమీటరులో పన్నెండో వంతుకు పడిపోతుంది. లోహం అంత సన్నటి సందులోకి పారదు, పారినా చెయ్యి తగలగానే వంగిపోతుంది. కాబట్టి చిన్న స్కేళ్లలో ఈటెలు దుంగల్లా ఉండడం తప్పనిసరి. దాన్ని లోపంగా చూడనవసరం లేదు.

స్కేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి

యుద్ధక్రీడ సైనిక పాఠశాలలో పుట్టింది. ప్రష్యా అధికారి రైస్విట్జ్ 1824లో ప్రచురించిన క్రీగ్‌ష్పీల్ అనే ఆటలో మనిషి బొమ్మలే లేవు. 1:8000 పటం మీద రంగుల ముక్కలు దళాలుగా కదిలేవి. నేల కొలత, దూరం, కాలం ఇవే ఆ ఆటకు ప్రాణం. బొమ్మ ఆ తర్వాత పిల్లల ఆటసామాను నుంచి వచ్చి చేరింది. 1893లో లండన్‌కు చెందిన బ్రిటన్స్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోత పోసే పద్ధతి కనిపెట్టింది. సరుకు తక్కువ పట్టడంతో ధర తగ్గింది. నిలబడిన సైనికుడి ఎత్తు 54 మి.మీ. దగ్గర స్థిరపడింది. ఆనాటి పెద్ద బొమ్మరైళ్ల నిష్పత్తికి సరిపోయే ఎత్తు అది. రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో వెలువరించిన ‘లిటిల్ వార్స్’ పుస్తకం ఈ బొమ్మలతో గది నేల మీద ఆడే ఆటకు నిబంధనలు ఇచ్చింది. స్ప్రింగు ఫిరంగితో చెక్క గుండ్లు పేల్చి ఎదుటివాడి సైనికులను పడగొట్టడం అందులో ప్రధానం.

ఆ కాలపు బొమ్మలను హైదరాబాద్ పాఠకులు ఊరు దాటకుండానే చూడవచ్చు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని బొమ్మల విభాగంలో లోహపు సిపాయి బొమ్మలు బారులు తీరి ఉంటాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణతో ఏర్పడిన ఆ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ ప్రారంభించారు. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది. గంట కొట్టే గడియారం ముందు జనం కిక్కిరిసి నిలబడతారు. ఆ జనంలో కొందరైనా సిపాయి బొమ్మల దగ్గర ఐదు నిమిషాలు ఆగాలని నా కోరిక. అంత ఎత్తు బొమ్మలతో సైన్యం నిలబెడితే ఎంత చోటు పడుతుందో అక్కడ కళ్లకు కడుతుంది.

1:72 సైనికుల బొమ్మల వెనక కూడా రైళ్లే ఉన్నాయి. ఎయిర్‌ఫిక్స్ 1959 నుంచి మెత్తటి ప్లాస్టిక్ సైనికులను పెట్టెల్లో పెట్టి అమ్మసాగింది. అవి మొదట చిన్న బొమ్మరైళ్ల కొలతకు చేసినవి. ఒక్క పెట్టెలో నలభై యాభై బొమ్మలు పిల్లల జేబు ఖర్చుకే దొరకడంతో బ్రిటన్‌లో ఒక తరమంతా యుద్ధక్రీడలోకి వచ్చింది. 1972లో పీటర్ లాయింగ్ 15 మి.మీ. లోహపు బొమ్మలు తెచ్చాక పెద్ద సైన్యాలను మామూలు బల్ల మీద నిలబెట్టడం వీలయింది. 6 మి.మీ. స్కేలు ట్యాంకుల నమూనాలతో మొదలై, తర్వాత పాతకాలపు సైన్యాలకు పాకింది.

పురానాపూల్ లెక్క

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో కట్టిన పురానాపూల్ పొడవు సుమారు 600 అడుగులు, అంటే 183 మీటర్లు. వెడల్పు 35 అడుగులు. గోల్కొండ నుంచి మూసీ దాటి దక్షిణపు ఒడ్డుకు రావడానికి ఆ రోజుల్లో ఇదే వంతెన. దీన్ని బొమ్మ స్కేలులోనే కడితే 28 మి.మీ. బొమ్మలకు మూడుంపావు మీటర్ల పొడవు కావాలి. 1:72కు రెండున్నర మీటర్లు. 15 మి.మీ.కు 1 మీటరు 83 సెంటీమీటర్లు. 10 మి.మీ.కు 1 మీటరు 14 సెంటీమీటర్లు. 6 మి.మీ. బొమ్మలకైతే 61 సెంటీమీటర్లతో సరిపోతుంది. అది మామూలు భోజనాల బల్ల మీద అడ్డంగా పడుతుంది, రెండు ఒడ్డుల మీద సైన్యాలు నిలబడడానికి చోటు కూడా మిగులుతుంది.

ఆచరణలో వంతెనను ఎవరూ అంత పొడవు కట్టరు. ఎందుకంటే బొమ్మ స్కేలు వేరు, నేల స్కేలు వేరు. పద్ధెనిమిదో శతాబ్దపు తుపాకీ నమ్మకంగా తగిలే దూరం వంద మీటర్ల లోపే. 1:72లో ఆ వంద మీటర్లు బల్ల మీద మీటరు 39 సెంటీమీటర్లు అవుతాయి. బల్ల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తుపాకీ గుండు చేరిపోతుంటే అశ్వికదళం చుట్టి రావడానికి, వెనక దళాలను దాచిపెట్టడానికి స్థలం ఉండదు. అందుకని నిబంధనలు రాసేవారు నేలను విడిగా కుదిస్తారు. బల్ల మీది ఒక మిల్లీమీటరు నిజమైన నేల మీది ఒక మీటరు అనుకుంటే తుపాకీ దూరం 10 సెంటీమీటర్లకు, పురానాపూల్ 18 సెంటీమీటర్లకు దిగుతాయి.

ఇక్కడే చిక్కు వస్తుంది. 18 సెంటీమీటర్ల వంతెన మీద 28 మి.మీ. గుర్రపు రౌతులను ఎక్కిస్తే ముగ్గురు నలుగురితో వంతెన నిండిపోతుంది. అదే వంతెన మీద 6 మి.మీ. రౌతులు ఒక దళంగా సాగిపోతారు. బొమ్మ స్కేలుకూ నేల స్కేలుకూ మధ్య అంతరం ఎంత తక్కువైతే కన్ను అంత తేలిగ్గా ఒప్పుకుంటుంది. 28 మి.మీ.లో ఆ అంతరం పద్ధెనిమిది రెట్లు. 6 మి.మీ.లో మూడున్నర రెట్లకు మించదు. నదులు, వంతెనలు, కోటగోడలు కథను నడిపించే యుద్ధాలకు చిన్న బొమ్మలే మేలని నేను నమ్మడానికి ఈ లెక్కే ఆధారం.

చందుర్తి యుద్ధం: ఒక పరీక్ష

తెలుగు నేల మీద జరిగిన యుద్ధాల్లో స్కేలు ఎంపికకు బాగా పనికొచ్చే ఉదాహరణ చందుర్తి. ఇప్పటి కాకినాడ జిల్లా గొల్లప్రోలు దగ్గర, 1758 డిసెంబరు 9న, బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు సేనకూ కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనకూ ఈ యుద్ధం జరిగింది. ఇంగ్లీషు చరిత్రల్లో దీన్ని కొండూర్ యుద్ధం అంటారు. ఫోర్డ్ దగ్గర 470 మంది ఐరోపా సైనికులు, 1,900 మంది సిపాయిలు, అండగా విజయనగరం ఆనందగజపతిరాజు బలగం ఐదు వేల దాకా ఉన్నారు. కాన్‌ఫ్లాన్స్ పక్షాన 500 మంది ఐరోపా వారు, సుమారు 6,000 మంది సిపాయిలు, కొంత అశ్వికదళం. గెలిచింది ఫోర్డ్. ఈ గెలుపు తర్వాత ఇంగ్లీషువారు 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్నారు. దానితో హైదరాబాద్ దర్బారులో ఫ్రెంచివారి పలుకుబడి కుంగిపోయింది.

ఇన్ని వేలమందిని బల్ల మీదికి తేవాలంటే ఒక బొమ్మ కొంతమంది మనుషులకు ప్రతినిధిగా నిలబడాలి. దీన్ని బొమ్మల నిష్పత్తి అంటారు. ఒక బొమ్మ ఇరవైమందికి సమానం అనుకుంటే ఫోర్డ్ ఐరోపా దళానికి 24 బొమ్మలు, సిపాయిలకు 95, రాజు బలగానికి 250 అవసరం. రెండు పక్షాలకూ కలిపి ఏడు వందలు దాటుతాయి. 28 మి.మీ. లోహపు కాల్బలపు బొమ్మ ఒక్కొక్కటి పది పదిహేను గ్రాములు తూగుతుంది. అంటే కనీసం ఏడు కిలోల లోహం. ప్రతి బొమ్మకూ ముఖం, కోటు, పట్టీలు, తుపాకీ విడివిడిగా రంగు వేయాలి. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మాత్రమే కూర్చునే మనిషికి ఇది ఏళ్ల పని. ఒక బొమ్మ యాభైమందికి సమానమంటే మొత్తం మూడు వందల లోపుకు తగ్గుతుంది కానీ, ఐరోపా దళంలో తొమ్మిది మందే మిగులుతారు. తొమ్మిది మందిని చూస్తే పహరా గుర్తొస్తుంది, పటాలం గుర్తుకు రాదు.

వరుస పొడవు కూడా చూద్దాం. 470 మంది మూడు వరుసల్లో నిలబడితే వరుసకు 157 మంది. మనిషికి 60 సెంటీమీటర్ల చొప్పున సుమారు 94 మీటర్ల బారు. ఒక మిల్లీమీటరుకు ఒక మీటరు నేల స్కేలులో ఇది తొమ్మిది సెంటీమీటర్లు. 28 మి.మీ. బొమ్మలు ఆ వెడల్పులో నలుగురైదుగురు పడతారు. 6 మి.మీ. బొమ్మలు వరుసకు ఇరవై చొప్పున రెండు వరుసల్లో నలభై పడతాయి. పొడవుగా, సన్నగా, తీగ లాగినట్టు ఉండే ఆనాటి పదాతి బారు రెండో దానిలోనే కనబడుతుంది. పద్ధెనిమిదో శతాబ్దపు యుద్ధమంటేనే ఆ బారు. అది విరిగితే యుద్ధం పోయినట్టే.

చందుర్తిలో జరిగిందీ అదే. చరిత్రకారుడు ఆర్మ్ చెప్పిన దాని ప్రకారం ఫోర్డ్ ఐరోపా దళం ఎత్తుగా పెరిగిన చేను వెనక ఫ్రెంచివారికి కనబడకుండా పోయింది. ఫోర్డ్ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కుని ఉన్నారు. ఎర్రకోట్లు చూసి ఫ్రెంచి దళం వారినే ఐరోపా సైనికులనుకుని వారి మీదికి మళ్లింది. సిపాయిలు వెనక్కి తగ్గారు. తరుముకుంటూ వెళ్తున్న ఫ్రెంచి వరుసలు చెదిరిన సమయంలో చేను చాటున ఉన్న అసలు ఐరోపా దళం పక్కనుంచి కాల్పులు జరిపింది.

ఈ ఘట్టం స్కేలు గురించి చెప్పేది చాలా ఉంది. దూరం నుంచి చూసే సైన్యాధికారికి ముఖాలు కనబడవు, కోటు రంగే కనబడుతుంది. 6 మి.మీ. బొమ్మ మీద రంగు వేసేటప్పుడు కూడా అంతే. ముఖానికి ఒక చుక్క, కోటుకు ఒక గీత. కాన్‌ఫ్లాన్స్ పొరబడినట్టే ఆటగాడూ పొరబడే వీలు ఆ స్కేలులో సహజంగా ఏర్పడుతుంది. 28 మి.మీ.లో సిపాయి తొడుక్కున్న లాగు, కాళ్లకు చెప్పులున్నాయో లేదో, ముఖకవళికలు అన్నీ స్పష్టంగా తెలిసిపోతాయి. అక్కడ పొరపాటును నిబంధనతో బలవంతంగా తెచ్చిపెట్టాలి. చేను సంగతీ చూడాలి. రెండు మీటర్ల పైరు 1:56లో మూడున్నర సెంటీమీటర్లు. దాన్ని మీటరు పొడవునా నాటితే దళాలు కదపడానికి చెయ్యి పట్టదు. 1:300లో ఆరేడు మిల్లీమీటర్ల పైరుకు గరుకైన డోర్‌మ్యాట్ ముక్క చాలు.

గోల్కొండ: ఒకే ముట్టడి, రెండు స్కేళ్లు

గోల్కొండ గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. దాన్ని ఉన్నదున్నట్టు తగ్గిస్తే 28 మి.మీ. స్కేలులో 2 మీటర్ల 14 సెంటీమీటర్లు, 1:72లో మీటరున్నరకు పైగా, 15 మి.మీ.లో 1 మీటరు 20 సెంటీమీటర్లు, 6 మి.మీ.లో 40 సెంటీమీటర్లు వస్తుంది. కింద ఎనిమిది దర్వాజాలు, 87 బురుజులతో కోటగోడ చుట్టి ఉంటుంది. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల పాటు ఈ గోడల ముందు కూర్చున్నాడు. కందకం పూడ్చబోతే కుదరలేదు. తవ్విన మందుపాతరలు మొఘల్ సైనికుల మీదే పేలాయి. వానలు, వరద, కరువు దండును పీడించాయి. ఇటువంటి ముట్టడిని మొత్తంగా చూపించగలిగేది 6 మి.మీ. గానీ, అంతకన్నా చిన్న స్కేలు గానీ మాత్రమే. మొఘల్ దండు ఒక నగరమంత విస్తరించి ఉండేది. అందులో గుడారాలు, బజార్లు, ఎద్దులు, ఏనుగులు, ఫిరంగులు లాగే దారులు ఉండాలి. మూడు మీటర్ల ఏనుగు 1:300లో ఒక సెంటీమీటరే కాబట్టి వందకు పైగా ఏనుగులను నడిపించినా బల్ల తట్టుకుంటుంది.

అయితే ఆ ముట్టడి ముగిసిన తీరు వేరు. 1687 సెప్టెంబరు 21 రాత్రి లోపలివారి ద్రోహంతో ఒక ద్వారం తెరుచుకుంది. మొఘల్ సైనికులు చొరబడ్డారు. కుతుబ్‌షాహీ సేనాని అబ్దుల్ రజాక్ లారీ కొద్దిమందితో వారికి ఎదురు నిలిచి, ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. ప్రాణాలతో బయటపడ్డాడు. ఔరంగజేబే అతనికి వైద్యం చేయించాడు. ఈ రాత్రిని 6 మి.మీ.లో ఆడితే అన్యాయం చేసినట్టే. ఇక్కడ ఒక ద్వారం, ఒక సందు, యాభై అరవై మంది మనుషులు. ఒక్క మనిషి ఎటు తిరిగాడు, ఎవరికి అడ్డు నిలిచాడు అన్నదే కథ. బొమ్మ ఒక్కటి మనిషి ఒక్కడే అయ్యే ఆట ఇది. 28 మి.మీ. అక్కడ రాజు. లారీ గుర్రం, జీను, కత్తి పట్టిన చెయ్యి తెలియాలి. నేల స్కేలూ బొమ్మ స్కేలూ ఒకటే అయిపోతాయి కనుక ముందు చెప్పిన చిక్కులేవీ ఉండవు. ఇరవై మీటర్ల వీధి 36 సెంటీమీటర్లతో సరి.

గోల్కొండ ఆడదలచినవారు రెండు స్కేళ్లు ఉంచుకోవడంలో తప్పులేదని దీన్ని బట్టి నా అభిప్రాయం. పెద్ద సైన్యం చిన్న స్కేలులో, చిన్న దళం పెద్ద స్కేలులో. చెయ్యకూడనిది ఒక్కటే: రెండింటినీ ఒకే బల్ల మీద కలపడం. బొమ్మల కొలువులో అరచేతి పొడవు చెట్టియారు పక్కన బొటనవేలంత ఇల్లు ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మాత్రం తుపాకీ దూరం, గోడ ఎత్తు, అడుగు వేగం అన్నీ ఒకే కొలత మీద ఆధారపడతాయి.

వీరగాథల నేల

తెలుగువారికి బాగా తెలిసిన యుద్ధాలు రెండు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, సైన్యాల లెక్కకంటే వీరుల పేర్లతోనే నిలిచాయి. పన్నెండో శతాబ్దపు పల్నాటి కథలో ఒక్కొక్క వీరుడికీ ఒక ఆయుధం, ఒక ప్రతిజ్ఞ ఉన్నాయి. కారెంపూడిలో నేటికీ వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి మట్టికోటను బద్దలు కొట్టాయి. తర్వాత తాండ్ర పాపారాయుడు విజయనగరం దండులోకి చొరబడి విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపాడు. పేరున్న వీరుడికి ముఖం కావాలి. ఈ రెండు యుద్ధాలకూ 28 మి.మీ., డబ్బు తక్కువైతే 1:72.

1795 మార్చి 11న నిజాం అలీఖాన్ మరాఠాల చేతిలో ఓడిన ఖర్దా యుద్ధం దీనికి నేరుగా విరుద్ధం. ఇరుపక్షాలా కలిపి లక్ష దాటిన సైన్యాలు, అందులో అధికం అశ్వికదళమే. నిజాం వైపు క్రమశిక్షణతో నిలబడింది ఫ్రెంచి సేనాని రేమండ్ తర్ఫీదు ఇచ్చిన పదాతి పటాలాలు. 1798లో చనిపోయిన ఆయన సమాధి మలక్‌పేట వైపు గుట్ట మీద ఉంది. మూసారాంబాగ్ పేరులో ఆయన పేరు మిగిలింది. గుర్రపు దండు తరంగంలా కమ్ముకురావడం ఈ యుద్ధానికి ముఖ్యం. పది గుర్రాలతో ఆ భావన రాదు. ఒక్క దళానికే ముప్పై నలభై గుర్రాలు నిలపగలిగే 6, 10 మి.మీ. స్కేళ్లే దీనికి తగినవి.

గది, బల్ల, క్యారమ్ బోర్డు

నిలబడిన మనిషి చెయ్యి చాచితే అందే దూరం డెబ్బై అయిదు సెంటీమీటర్లకు అటూ ఇటూ. అందువల్ల ఆట బల్ల ఎంత పొడవున్నా వెడల్పు ఐదడుగులు మించకూడదు. విదేశీ పుస్తకాల్లో ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్లను మామూలు కొలతగా చెబుతారు. కిషన్‌బాగ్ లాంటి బస్తీలో పదడుగుల గదిలో ఆ బల్ల వేస్తే చుట్టూ నడవడానికి మాత్రమే చోటు మిగులుతుంది. పైగా ఆ గదిలోనే రాత్రి పడకలు వేయాలి.

పాతబస్తీ గల్లీల్లో ఎక్కడ చూసినా కనిపించే క్యారమ్ బోర్డు ఈ చిక్కుకు నాకు తెలిసిన మంచి పరిష్కారం. దాని ఆట స్థలం సుమారు 74 సెంటీమీటర్ల చదరం. 1990లో ఇంగ్లండ్‌లో వచ్చిన ‘డి బెల్లిస్ యాంటిక్విటాటిస్’ అనే నిబంధనల పుస్తకం 15 మి.మీ. సైన్యాలకు అడిగేది 60 సెంటీమీటర్ల చదరం మాత్రమే. పక్షానికి బొమ్మలు అతికించిన పలకలు పన్నెండు, ఒక్కో పలక వెడల్పు 40 మి.మీ. ఒక సైన్యం మిఠాయి డబ్బాలో పడుతుంది. ఆట గంటలో ముగుస్తుంది. పురాతన, మధ్యయుగ యుద్ధాలకు రాసిన ఈ నిబంధనలతో కాకతీయుల, బహమనీల, విజయనగర సైన్యాలను నడిపించవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సూచించేది 15 మి.మీ., ఆ తర్వాత 6 మి.మీ.

ఒక మెళకువ ఉంది. నిబంధనలు చాలావరకు బొమ్మ ఎత్తును పట్టించుకోవు, బొమ్మను అతికించిన పలక వెడల్పునే పట్టించుకుంటాయి. 15 మి.మీ. బొమ్మల కోసం చెప్పిన 40 మి.మీ. పలక మీద నలుగురు సైనికుల బదులు 6 మి.మీ. సైనికులను ఇరవై మందిని అతికిస్తే ఆట అదే, బల్ల అదే, దృశ్యం మాత్రం పటాలంగా మారిపోతుంది.

తయారీ, రంగు, నిల్వ

మన దగ్గర బొమ్మల తయారీకి సుదీర్ఘ చరిత్ర ఉంది. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో చేసే అంబారీ ఏనుగు పూర్వపు సైన్యాల్లో ఏనుగెక్కిన సర్దారును గుర్తుకు తెస్తుంది. ఆదిలాబాద్ ఓజా కళాకారుల డోక్రా పోత లోహవిద్యకు గొప్ప నిదర్శనం. అయినా ఇవి యుద్ధక్రీడ సైన్యంగా మారలేదు. దానికి కారణం పద్ధతిలోనే ఉంది. మైనపు పోతలో ప్రతి బొమ్మకూ అచ్చు పగిలిపోతుంది. అందుకే ఏ రెండు డోక్రా బొమ్మలూ ఒకలా ఉండవు, వాటి విలువ అందులోనే ఉంది. సైన్యానికి కావలసింది ఒకే అచ్చు నుంచి వందల పోతలు. గట్టిపరిచిన రబ్బరు అచ్చును గిరగిరా తిప్పుతూ తగరం కలిసిన లోహాన్ని పోసే పద్ధతితో బ్రిటన్, అమెరికా తయారీదారులు ఆ పని చేస్తారు. విదేశాల నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు, దిగుమతి సుంకం బొమ్మ ధరను మించిపోయే అవకాశం ఉంది. బరువు తక్కువ కాబట్టి చిన్న స్కేళ్లకు ఇక్కడా లాభమే.

త్రీడీ ప్రింటరు ఈ పరిస్థితిని మారుస్తోంది. ఒక కంప్యూటరు ఫైలును ఏ స్కేలుకైనా పెంచవచ్చు, తగ్గించవచ్చు అనే మాట సగమే నిజం. 28 మి.మీ. కోసం చెక్కిన సిపాయిని 6 మి.మీ.కు తగ్గిస్తే తుపాకీ వెంట్రుకంత సన్నబడి ముద్రణలోనే విరిగిపోతుంది. ఆ ఫైలులో ఆయుధాలను, పాదాలను ముందు లావు చేసుకోవాలి. కోట బురుజులు, వంతెన కమానులు మాత్రం నిశ్చింతగా తగ్గించుకోవచ్చు. గుట్టలకు ప్యాకింగ్ థర్మకోల్ కంటే గట్టిగా ఉండే ఫోమ్ పలకలు మేలు.

రంగు విషయంలో స్కేలు తగ్గేకొద్దీ రంగును పలచబరచాలి, వెలుతురు పెంచాలి. నిజమైన ముదురు ఎరుపు 6 మి.మీ. బొమ్మ మీద గోధుమరంగులా కనిపిస్తుంది. కొంచెం నారింజ కలిపితే ఎరుపుగా నిలబడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ 1:72 బొమ్మలను సబ్బునీళ్లతో కడిగి, ప్రైమర్ వేసి, పూర్తయ్యాక వార్నిష్ పూయకపోతే బయొనెట్ల మీది రంగు మొదట ఊడుతుంది.

సీసం పాలు ఎక్కువున్న పాత బొమ్మలను చెక్క పెట్టెల్లో, అట్టపెట్టెల్లో ఏళ్ల తరబడి మూసి ఉంచితే వాటి నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరికి లోహం తెల్లటి పొడిగా మారుతుంది. తేమ దాన్ని వేగవంతం చేస్తుంది. వానాకాలంలో మూసీ ఒడ్డు ఇళ్లలో ఆ తేమకు కొదవ ఉండదు. గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా పొట్లాలు వేసి పెట్టడం మంచిది. పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ముద్రించిన కోటలు 60 డిగ్రీల వేడికి మెత్తబడతాయి. మే నెలలో అద్దాలు బిగించిన కారులో వదిలితే బురుజులు వంగిపోతాయి. బైకు మీద మరో బస్తీకి సైన్యం తీసుకెళ్లాలంటే పలకల అడుగున అయస్కాంతపు రేకు అతికించి, ఇనుప అడుగున్న డబ్బాలో నిలబెడితే గతుకుల రోడ్డులోనూ చెదరవు. 28 మి.మీ. లోహపు గుర్రపు రౌతులకు పలుచటి రేకు చాలదు, బిళ్లల్లాంటి అయస్కాంతాలే వాడాలి.